బొమ్మ గోడ మీద ఉంది సరే, కాగితం ఎవరి పేరున ఉంది? (మ్యూజియం మిత్ర సంఘాలు, చందాల చరిత్ర)

పాతఫ్రేము

కళా మ్యూజియంల గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా మనం చిత్రకారుడి దగ్గరే ఆగిపోతాం. ఆ బొమ్మ అక్కడికి రావడానికి డబ్బు ఎవరిచ్చారో పక్కనున్న చీటీలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. కొన్నాళ్లుగా నాకు ఆ చిన్న అక్షరాల పిచ్చి పట్టుకుంది. అందుకే, మ్యూజియంలకు బొమ్మలు కొనిపెట్టడానికి చందాలు పోగుచేసే మిత్ర సంఘాల మీద ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

ఈ తేదీలు చూడండి. 1883లో నెదర్లాండ్స్‌లో రెంబ్రాంట్ సంఘం పుట్టింది. ఒక పెద్ద చిత్రాల సేకరణ వేలానికి వచ్చి దేశం దాటిపోయేలా ఉంటే, కొందరు చందాలు వేసుకుని వీలైనన్ని డ్రాయింగులు కొన్నారు. 1897లో బెర్లిన్‌లో మ్యూజియం అధికారి విల్‌హెల్మ్ బోడె చొరవతో కైజర్ ఫ్రెడరిక్ మ్యూజియం సంఘం, అదే ఏడు పారిస్‌లో లూవ్ర్ మిత్రుల సంఘం వచ్చాయి. 1903లో లండన్‌లో నేషనల్ ఆర్ట్ కలెక్షన్స్ ఫండ్ మొదలైంది. నాలుగు దేశాలు, ఇరవై ఏళ్లు, ఒకటే ఆలోచన. ఇది కాకతాళీయం అనుకోను.

నాకు అర్థమైన కారణం ఇది. అప్పట్లో యూరప్‌లో వ్యవసాయ ధరలు పడిపోయి జమీందారీ కుటుంబాల కౌలు ఆదాయం తగ్గింది. బ్రిటన్‌లో 1882 చట్టం వాళ్లకు వంశపారంపర్య ఆస్తులు అమ్ముకునే దారి తెరిచింది. 1894లో వారసత్వపు పన్ను మీద పడింది. తాతల నాటి బొమ్మలు గోడలు దిగాయి. అటుపక్క అమెరికాలో కొత్తగా డబ్బు చేసినవాళ్లు కొనడానికి సిద్ధంగా ఉన్నారు. 1909లో అమెరికా పాత కళాఖండాల మీద దిగుమతి సుంకం కూడా ఎత్తేసింది. ప్రభుత్వం ఫైలు కదిపేలోపు బొమ్మ ఓడెక్కేసేది. ఆ ఫైలు కంటే వేగంగా డబ్బు తేగలిగే మనుషులు కావాల్సి వచ్చారు. మిత్ర సంఘాలు అలా పుట్టాయి.

మీకు తెలిసినవి కలపండి. ఒప్పుకోకపోతే అదీ చెప్పండి.

నిశాచరుడు

ఒప్పుకోను. డబ్బున్నవాళ్లు ఒకచోట చేరి తమ పేర్లు పాలరాతి మీద చెక్కించుకోవడానికి పెట్టుకున్న క్లబ్బులివి. దేశభక్తి పైపూత.

పాతఫ్రేము

నిశాచరుడు గారూ, పాలరాయి సంగతి నిజమే. కాకపోతే పేరు వద్దన్నవాళ్లు కూడా ఈ చరిత్రలో ఉన్నారు.

1906లో వెలాస్కెజ్ గీసిన 'రోక్‌బీ వీనస్'ను లండన్ నేషనల్ గ్యాలరీ కోసం ఆ ఫండ్ 45,000 పౌండ్లకు కొన్నది. సంఘం పెట్టి మూడేళ్లయినా కాలేదు, చందాలు సరిపోలేదు. రాజు ఎడ్వర్డ్ గుట్టుగా 8,000 పౌండ్లు ఇచ్చాడు. 1909లో హోల్బైన్ గీసిన డెన్మార్క్ క్రిస్టీనా చిత్రం వంతు వచ్చింది. అడిగిన ధర 72,000 పౌండ్లు. గడువు ముగుస్తోంది, అమెరికాకు వెళ్లిపోవడం ఖాయం అనుకుంటున్న సమయంలో పేరు చెప్పని ఒక మహిళ 40,000 పౌండ్లు ఇచ్చింది. సగం కంటే ఎక్కువ! ఎక్కడా ఆమె పేరు చెక్కలేదు.

ఆ ఫండ్ మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యురాలు క్రిస్టియానా హెరింగ్‌హామ్. స్వయంగా చిత్రకారిణి. పాతకాలపు గుడ్డుసొన రంగుల పద్ధతిని మళ్లీ వాడకంలోకి తేవడానికి చాలా కష్టపడింది. రోజర్ ఫ్రై లాంటి విమర్శకులు మాటసాయం చేస్తే, సంఘం నిలబడడానికి మొదటి డబ్బు పెట్టింది ఆమె. అయినా చాలాకాలం ఫ్రై పేరే వినిపించింది.

గీతలబాబు

సార్ ఒక్క నిమిషం. హెరింగ్‌హామ్ అంటే అజంతా కాపీలు చేసిన ఆవిడేనా? మా కాలేజీ లైబ్రరీలో ఆ పెద్ద పుస్తకం ఉంది. ఆవిడకి చందాలతో ఏం సంబంధం అనుకున్నా!

పాతఫ్రేము

ఆవిడే బాబూ. 1909 నుంచి 1911 దాకా చలికాలాల్లో అజంతాలో మకాం వేసి గోడచిత్రాలకు ప్రతులు చేసింది. అప్పుడు అజంతా నిజాం రాజ్యంలో ఉండేది. నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్ లాంటి బెంగాలీ యువకులతోపాటు హైదరాబాద్ సంస్థానం నుంచి ఇద్దరు చిత్రకారులు కూడా ఆమెతో పనిచేశారు. ఆ పుస్తకం 1915లో వచ్చింది. అప్పటికే ఆమె మానసిక ఆరోగ్యం దెబ్బతిని వైద్యశాలలో ఉంది. 1929లో పోయేదాకా కోలుకోలేదు.

ఒకచోట బొమ్మ దేశం దాటకుండా చందా పోగుచేసింది, ఇంకోచోట గోడ మీద చెరిగిపోతున్నదాన్ని కాగితం మీదికి ఎక్కించింది. రెండూ ఒకే మనిషి బుద్ధి అనిపిస్తుంది నాకు.

సుభద్ర_కె

నేను ఒక మ్యూజియంలో ఫండ్‌రైజింగ్ పనిలో ఉన్నాను. ఎక్కడన్నది వదిలేయండి. లోపలి సంగతి కొంచెం చెప్తాను.

మిత్ర సంఘం అనగానే బయటివాళ్లు సభ్యత్వ రుసుములు లెక్కేస్తారు. మాకు తెలిసిన నిజం వేరు. సాధారణ సభ్యుడు కట్టే డబ్బులో పెద్ద భాగం వాళ్లకే తిరిగి ఖర్చయిపోతుంది. ఉచిత ప్రవేశం, కార్డు, పత్రిక, ప్రదర్శన ముందురోజు ఆహ్వానం, వాటిని చూసుకునే సిబ్బంది జీతం... అన్నీ తీసేస్తే మిగిలేది కొంచెమే. అయినా ఏ మ్యూజియం ఈ పథకం మానుకోదు. ఎందుకంటే ఇరవై ఏళ్లు చిన్న కార్డు పట్టుకుని వచ్చిన మనిషే చివర్లో వీలునామాలో మ్యూజియం పేరు రాస్తాడు. ఎవరు రాస్తారో ముందు తెలియదు. అందుకే అందరినీ బాగా చూసుకోవాలి.

ఇంకోటి. ప్రభుత్వం దగ్గరికి వెళ్లినప్పుడు "మాకు ఇన్ని వేలమంది సభ్యులున్నారు" అన్న మాట పనిచేస్తుంది. డబ్బు కంటే ఆ అంకెకే విలువెక్కువ.

1962నే తీసుకోండి. లియొనార్డో గీసిన పెద్ద బొగ్గు డ్రాయింగు లండన్ రాయల్ అకాడమీ దగ్గర ఉండేది. డబ్బు అవసరమై దాన్ని అమ్ముతామన్నారు. దేశంలో ఉంచాలంటే 8,00,000 పౌండ్లు కావాలి. నేషనల్ గ్యాలరీలో దాన్ని ప్రదర్శనకు పెట్టి చందా డబ్బా పెట్టారు. నాలుగు నెలల్లో రెండున్నర లక్షలమందికి పైగా వచ్చి చూశారు. అలా వచ్చిన చిల్లర డబ్బుతో మొత్తం తేలిందా? తేలలేదు. ప్రభుత్వం 3,50,000 వేసింది. ఆ క్యూ లేకపోతే ప్రభుత్వం అంత వేసేదా? నాకైతే నమ్మకం లేదు.

లెక్కలమాస్టారు

రిటైరైన ఆడిటర్ని. ట్రస్టుల లెక్కలు చాలా చూశాను. సుభద్ర గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒక ముక్క కలుపుతాను, నా దృష్టిలో అసలు విషయం అదే.

సంఘం డబ్బు పోగుచేస్తుంది, బొమ్మ కొంటుంది. కొన్నాక ఆ బొమ్మ ఎవరిది? ఇక్కడే దారులు చీలిపోయాయి.

లూవ్ర్ మిత్రులు కొన్నవి లూవ్ర్‌కే ఇచ్చేశారు. 1905లో అవిన్యోన్ పియెటా, 1911లో ఆంగ్ర్ గీసిన 'టర్కీ స్నానం' అలా వెళ్లినవే. ఇచ్చాక అవి ఫ్రెంచి ప్రజల ఆస్తి, సంఘానికి కృతజ్ఞతలు మాత్రమే. బెర్లిన్ సంఘం అలా చేయలేదు. కొన్నవాటిని తన పేరునే ఉంచుకుని మ్యూజియానికి శాశ్వతంగా అరువిచ్చింది. 1897లో కొన్న 'బంగారు శిరస్త్రాణం ధరించిన మనిషి' ఇవాళ్టికీ సంఘానిదే. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి, రాచరికం పోయింది, హిట్లర్ వచ్చాడు, దేశం రెండుగా చీలి మళ్లీ కలిసింది. పుస్తకంలో సొంతదారు పేరు మారలేదు.

చూడడానికి వచ్చినవాడికి ఈ రెండింటికీ తేడా తెలియదు. మ్యూజియం అప్పులపాలైన రోజున తెలుస్తుంది.

నిశాచరుడు

ఆ శిరస్త్రాణం మనిషి రెంబ్రాంట్ బొమ్మ కాదని తేల్చారుగా మాస్టారూ? చందాదారులకు డబ్బు వాపసు ఇచ్చారా? :)

లెక్కలమాస్టారు

1980లలో తేల్చారు, ఆయన శైలిలో గీసే ఇంకెవరిదో అన్నారు. వాపసు లేదు. అయినా జనం దాన్ని చూడడానికి వస్తూనే ఉన్నారు, అది వేరే లెక్క.

పాతఫ్రేము

బెర్లిన్ మాట వచ్చింది కాబట్టి జేమ్స్ సైమన్ గురించి చెప్పకపోతే అన్యాయం. ప్రత్తి, బట్టల వ్యాపారి, యూదుడు. ఆ సంఘానికి దన్నుగా నిలిచినవాళ్లలో ముందువరస. తన రినైజాన్స్ సేకరణను 1904లో మ్యూజియానికిచ్చాడు. ఈజిప్టు తవ్వకాలకు డబ్బు పెట్టి, వాటాగా వచ్చిన నెఫర్‌టీటి రాణి విగ్రహాన్ని 1920లో ప్రష్యాకు (అప్పటి జర్మన్ రాష్ట్రం) ఇచ్చేశాడు. నాజీల కాలంలో మ్యూజియం గదుల్లోంచి అతని పేరే తీసేశారు. 2019లో మ్యూజియం ద్వీపానికి కట్టిన కొత్త ప్రవేశ భవనానికి మళ్లీ ఆ పేరు పెట్టారు. పాలరాతి మీద పేరు అంత గట్టిదేమీ కాదు నిశాచరుడు గారూ.

గీతలబాబు

మాస్టారూ, అప్పులపాలైన రోజు అన్నారు కదా. నిజంగా ఎక్కడైనా జరిగిందా?

లెక్కలమాస్టారు

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో. కొంచెం ఓపికగా చదవండి, ఈ మొత్తం చర్చకు ఇది గుండెకాయ.

డెట్రాయిట్ మ్యూజియం 1885 నాటిది. 1919లో ఆస్తిని నగరపాలక సంస్థకు అప్పగించారు, ఇక నగరం డబ్బిచ్చి నడిపేది. కార్ల పరిశ్రమ మంచి ఊపు మీదున్న రోజులు. నగరం తన సొమ్ముతో బొమ్మలు కొన్నది. 1922లో వాన్ గో ఆత్మచిత్రం, 1930లో బ్రూగెల్ 'పెళ్లి నాట్యం'. వాటి పక్కనే ఫౌండర్స్ సొసైటీ అనే మద్దతుదారుల సంఘం చందాలతో, విరాళాలతో సేకరిస్తూ వచ్చింది. తొంభై ఏళ్లు ఈ తేడా ఎవరికీ పట్టలేదు.

2013 జులైలో నగరం సుమారు 18 బిలియన్ డాలర్ల అప్పుతో దివాలా పిటిషన్ వేసింది. అప్పులవాళ్లు మ్యూజియం వైపు చూశారు. క్రిస్టీస్ అనే వేలం సంస్థను పిలిపించి వెల కట్టించారు. వాళ్లు ముఖ్యంగా లెక్క కట్టింది నగరం సొంత డబ్బుతో కొన్న సుమారు 2,800 వస్తువులకు. 454 నుంచి 867 మిలియన్ డాలర్లు పలుకుతాయన్నారు. దాతలు షరతులతో ఇచ్చిన వాటి మీద చెయ్యి వేయడం చాలా కష్టం. నగరం తన ఖజానాలోంచి కొన్న బ్రూగెల్ మాత్రం అప్పులవాడి కంటికి నగరం లారీ లాంటి ఆస్తే. 'ప్రజల సొమ్ము, ప్రజల బొమ్మ' అనుకున్నదే అన్నిటికంటే ముందు ప్రమాదంలో పడింది.

ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ మాత్రం ఆ సేకరణ మొత్తం ప్రజల తరఫున ధర్మకర్తృత్వంలో ఉన్నదనీ, అమ్మడానికి వీల్లేదనీ అభిప్రాయం ఇచ్చాడు. దాన్ని కోర్టులో చివరిదాకా పరీక్షించకుండానే రాజీ కుదిరింది. పెద్ద ఫౌండేషన్లు 366 మిలియన్లు, మ్యూజియం తన దాతల నుంచి 100 మిలియన్లు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి, మిగతాది రాష్ట్రం. ఇరవై ఏళ్లలో మొత్తం 816 మిలియన్లు. ఆ డబ్బు పింఛన్లకు వెళ్తుంది, బదులుగా సేకరణ, భవనం నగరం చేతిలోంచి మ్యూజియం నడిపే లాభాపేక్ష లేని సంస్థ పేరున మారాయి. 2014 చివర్లో అది పూర్తయింది.

అంటే మద్దతుదారులు ఒక్క కొత్త బొమ్మ కూడా కొనకుండా ఆ 100 మిలియన్లు పోగుచేశారు. పాత బొమ్మల కాగితం మార్పించుకోవడానికి.

నిశాచరుడు

అక్కడ రిటైరైన ఉద్యోగులకు పింఛను కోత పడింది. 4.5 శాతం, పైగా ఏటా ధరలతోపాటు పెరగాల్సినది కూడా పోయింది. బ్రూగెల్ క్షేమం, చెత్త ఎత్తిన మనిషికి కోత. దీన్ని విజయగాథ అంటారా?

లెక్కలమాస్టారు

విజయగాథ అని నేను అనలేదు. నేనూ పింఛనుదారుణ్నే, కోత అంటే ఏమిటో తెలుసు. ఆ 816 లేకపోతే కోత ఇంకా లోతుగా ఉండేదన్నది కూడా లెక్కే. పింఛనుదారులు ఓటు వేసి ఒప్పుకున్న ఒప్పందం అది. సంతోషంగా వేశారనను.

సుభద్ర_కె

డెట్రాయిట్‌లో దివాలాకు ఏడాది ముందు జరిగింది మా రంగంలో ఇంకా ఎక్కువగా చెప్పుకుంటారు. 2012లో చుట్టుపక్కల మూడు కౌంటీల (మన జిల్లాల్లాంటివి) ఓటర్లను మ్యూజియం అడిగింది: పదేళ్లు మీ ఆస్తిపన్నులో మాకు కొంచెం ఇవ్వండి, మీకు ప్రవేశం ఉచితం చేస్తాం. మూడు కౌంటీలూ ఒప్పుకున్నాయి. తర్వాత దాన్ని పొడిగించారు కూడా. శివార్లలో ఉండేవాళ్లకి నగరంతో ఎప్పుడూ పడదు, అయినా వేశారు.

ఓటర్లందర్నీ మిత్ర సంఘం సభ్యులుగా చేసుకోవడమే ఇది. నిశాచరుడు గారి క్లబ్బు వాదనకు దీనికంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

నిశాచరుడు

సరే, ఇది బాగుంది. పన్ను వేసి ఉచితంగా రానివ్వడం న్యాయమే.

పాత సంగతి ఒకటి మర్చిపోకండి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం (మెట్) 1891 దాకా ఆదివారం తలుపులు మూసే ఉంచింది. కూలికెళ్లేవాడికి దొరికేది ఆదివారం ఒక్కటే. తెరవమని పత్రికలు, సంఘాలు అడుగుతుంటే మ్యూజియానికి డబ్బిచ్చే పెద్దల్లో మతనిష్ఠ ఉన్నవాళ్లు అడ్డుపడ్డారు. తెరిచాక కొందరు మద్దతు ఉపసంహరించుకున్నారు. భవనం నగరానిది, లోపలి సేకరణ ట్రస్టీలది. మాస్టారి కాగితం లెక్క అక్కడా ఉంది. భవనం నగరానిది కాబట్టే నగరం మాట చెల్లింది.

లెక్కలమాస్టారు

శభాష్. ఇది నా వాదనకు మీరే ఇచ్చిన సాక్ష్యం.

గీతలబాబు

మెట్ గాలా గురించి, అదే మెట్ కోసం ఏటా జరిగే ఆ తారల విందు గురించి ఎవరూ మాట్లాడరేంటి? మా బ్యాచ్‌లో సగం మందికి మ్యూజియం పేరు తెలిసిందే దాని వల్ల.

సుభద్ర_కె

మాట్లాడదాం. మెట్‌లో దుస్తుల విభాగం ఉంది. మొదట విడి మ్యూజియంగా 1937లో మొదలై 1946లో మెట్‌లో కలిసింది. మిగతా విభాగాల్లా కాకుండా దాని ఖర్చు అదే సంపాదించుకోవాలి. అందుకని ఫ్యాషన్ రంగంలో ప్రచారకర్త ఎలినార్ లాంబర్ట్ 1948లో ఒక అర్ధరాత్రి విందు ఏర్పాటు చేసింది. టికెట్టు 50 డాలర్లు. మ్యూజియంలో కూడా కాదు, హోటళ్లలో జరిగేది. 1972లో వోగ్ ఫ్యాషన్ పత్రిక మాజీ సంపాదకురాలు డయానా వ్రీలాండ్ వచ్చాక విందు మ్యూజియంలోకి వచ్చింది, ఏటా ఒక అంశం, సినిమావాళ్లు మొదలయ్యారు. 1995 నుంచి అదే పత్రిక నడిపిన ఆనా వింటర్ చేతిలో ఇప్పటి రూపు తీసుకుంది. 2024లో ఒక్క టికెట్టు 75,000 డాలర్లు, ఆ రాత్రి వచ్చింది సుమారు 26 మిలియన్లు. మరుసటి ఏడు 31.

చూసేవాళ్లకి మెట్లమీద గౌన్లే కనిపిస్తాయి. నాకు మాత్రం ఒక విభాగం ఏడాది బడ్జెట్టు ఒకే సాయంత్రం మీద వేలాడడం టెన్షన్‌గా అనిపిస్తుంది. కోవిడ్ వచ్చి 2020లో రద్దయినప్పుడు ఆ విభాగంలోవాళ్ల పరిస్థితి ఊహించుకోగలను.

వేదవల్లి

చదువుతూ వస్తున్నాను. ఆడవాళ్ల పని హెరింగ్‌హామ్ దగ్గర తళుక్కుమని మళ్లీ విందుల దగ్గర తేలింది! మధ్యలో చాలా ఉంది.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం మోమాను 1929లో మొదలుపెట్టింది ముగ్గురు స్త్రీలు: అబీ రాక్‌ఫెల్లర్, లిల్లీ బ్లిస్, మేరీ సలివన్. షేర్ మార్కెట్ కుప్పకూలిన పది రోజులకే తలుపులు తెరిచారు. లిల్లీ బ్లిస్ 1931లో చనిపోతూ తన సేకరణ ఇచ్చింది, ఊరికే మాత్రం ఇవ్వలేదు. మ్యూజియం తన కాళ్ల మీద నిలబడేంత మూలధనం పోగుచేస్తేనే బొమ్మలు వస్తాయని షరతు. ఆ షరతు వల్లే మిగతా ధర్మకర్తలు పరిగెత్తి డబ్బు తెచ్చారు, 1934లో బొమ్మలు వచ్చాయి. ఇంకో తెలివైన పని, తనిచ్చినవాటిలో చాలావాటిని అమ్మి, మార్చి మంచివి తెచ్చుకోవడానికి వీలు కల్పించింది. పికాసో 'అవిన్యోన్ యువతులు', వాన్ గో 'నక్షత్రాల రాత్రి' అలా వచ్చినవే. చీటీ మీద ఇప్పటికీ ఆమె పేరే ఉంటుంది. షరతు పెడితే ఇలా పెట్టాలి.

డబ్బు కాకుండా సమయం ఇచ్చేవాళ్లు ఇంకో జాతి. బోస్టన్‌లో 1907లో సందర్శకులకు బొమ్మలు వివరించేవాళ్లను పెట్టారు. తర్వాత అమెరికా అంతా ఆ పని ఎక్కువగా స్వచ్ఛందంగా చేసింది మధ్యవయసు గృహిణులు. వాళ్లు శిక్షణకు ఏడాది పైన వెచ్చించి, మరీ చదివి వచ్చేవాళ్లు. చికాగో మ్యూజియం 2021లో వంద మందికి పైగా ఉన్న అలాంటి బృందాన్ని ఒక్క ఉత్తరంతో పంపేసింది. కారణం? దాదాపు అందరూ ఒకే వర్గంవాళ్లు, వచ్చే పిల్లలు రకరకాలవాళ్లు, జీతమిచ్చి కొత్తవాళ్లను పెడతామన్నారు. ఆలోచన తప్పని అనలేను. పంపిన తీరు మాత్రం బాగాలేదు. అరవై ఏళ్లుగా ఉన్న వ్యవస్థ అది.

సుభద్ర_కె

వేదవల్లి గారూ, మీరన్నది కరెక్టు. స్వచ్ఛందంగా వచ్చేవాళ్లను 'ఉచితం' అని లెక్క రాసే ఆఫీసు ఎప్పుడో ఒకప్పుడు దెబ్బ తింటుంది.

నిశాచరుడు

ఇంతసేపూ ఎవరూ సాక్లర్ పేరెత్తలేదు. ఆక్సీకాంటిన్ నొప్పి మందు అమ్మి సంపాదించిన కుటుంబం. మెట్, లూవ్ర్, బ్రిటిష్ మ్యూజియం, ఎక్కడ చూసినా వాళ్ల పేరుండేది. ఆ మందుకు తానే బానిసై బయటపడ్డ ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ 2017లో బృందం కట్టి, 2018లో మెట్‌లో ఉన్న ఈజిప్టు డెండూర్ గుడి ముందున్న నీళ్లలో మందు సీసాలు వేయించింది. 2019లో లూవ్ర్ పేరు తీసేసింది, లండన్ పోర్ట్రెయిట్ గ్యాలరీకి రావాల్సిన మిలియన్ పౌండ్ల విరాళం ఆగిపోయింది. మెట్ గోడ మీంచి పేరు దిగడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది. ఎక్కించడానికి మాత్రం ఇంత ఆలోచించి ఉండరు.

సుభద్ర_కె

ఎక్కించేటప్పుడు ఆలోచించే పద్ధతే ఉండేది కాదు. ఇప్పుడు చాలాచోట్ల విరాళం తీసుకోవాలా వద్దా అని తేల్చడానికి కమిటీలున్నాయి, పేరు ఎన్నేళ్లు ఉంటుందో ఒప్పందంలోనే రాస్తున్నారు. మారింది ఆందోళనల వల్లే. బ్రిటన్ టేట్ గ్యాలరీతో బీపీ చమురు కంపెనీ 26 ఏళ్ల బంధం 2017లో ముగిసిందంటే అందులో ఏళ్ల తరబడి జరిగిన నిరసనల పాత్ర ఉంది.

ఒక మాట ఉంది. పెద్ద దాతను వద్దన్న మర్నాడు ఆ ఖాళీ ఎవరు పూడుస్తారు? చందా డబ్బా కాదు. ఇంకో పెద్ద దాతే.

అడ్మిన్

మందుల కంపెనీల మీద వేరే చర్చ ఉంది, కోర్టు కేసుల వివరాలు అక్కడ రాయండి. రెండు పోస్టులు అటు మార్చాను.

పాతఫ్రేము

మ్యూజియంతోనే పోట్లాడిన మిత్రుల గురించి కూడా చెప్పుకోవాలి. ఫిలడెల్ఫియా దగ్గర బార్న్స్ ఫౌండేషన్ తన బొమ్మలను వాటి సొంత భవనంలోంచి నగరం నడిబొడ్డుకు తరలించాలనుకుంది. బొమ్మలు ఉన్నచోటే ఉండాలని స్థాపకుడు బార్న్స్ 1922లోనే పత్రం రాశాడు. ఫౌండేషన్ చేతిలో డబ్బు అయిపోయింది. తరలిస్తేనే 150 మిలియన్ డాలర్లు పోగుచేసి పెడతామని పెద్ద సంస్థలు ముందుకొచ్చాయి. 2004లో కోర్టు సరేనంది. 'బార్న్స్ మిత్రులు' అనే బృందం ఏళ్లపాటు కోర్టు మెట్లెక్కింది, ఓడిపోయింది. కొత్త భవనం 2012లో తెరిచారు. గదుల కొలతలు, బొమ్మల వరస మాత్రం పాతవే.

బాల్టిమోర్‌లో దీనికి తలకిందులుగా జరిగింది. 2020లో మ్యూజియం వార్హోల్ పెద్ద చిత్రంతో కలిపి మూడు బొమ్మలు అమ్మబోయింది. పాత ధర్మకర్తలు ఎదురుతిరిగారు, ఇస్తామన్న భారీ విరాళాలు కొందరు దాతలు వెనక్కి తీసుకున్నారు. వేలం రోజునే విరమించుకుంది.

బార్న్స్ మిత్రుల చేతిలో ప్రేమ ఉంది, కాగితమూ లేదు, డబ్బూ లేదు. బాల్టిమోర్ వాళ్లు ఇంకా ఇవ్వాల్సిన డబ్బును చేతిలో పట్టుకుని మాట్లాడారు.

వేదవల్లి

ఇది చదివితే కొంచెం బాధేసింది. ఇవ్వని డబ్బుకే విలువన్నమాట.

గీతలబాబు

నాలాంటివాళ్లు ఇచ్చే చిన్న మొత్తాలకు ఏ విలువా లేదా మరి? లూవ్ర్ వాళ్లు 2010లో క్రానాక్ 'ముగ్గురు లావణ్యవతులు' కోసం ఇంటర్నెట్‌లో చందాలు అడిగారు. ధర 4 మిలియన్ యూరోలు, తక్కువ పడింది 1 మిలియన్. సుమారు 7,200 మంది ఇచ్చేశారు, అదీ కొన్ని వారాల్లో. ఇటీవల షార్డాన్ స్ట్రాబెర్రీల బుట్ట బొమ్మకి కూడా అలాగే వేలమంది ఇచ్చారు.

మన దేశంలోనూ ఉంది కదా, ముంబై భావు దాజీ లాడ్ మ్యూజియం 1872లో జనం చందాలతో కట్టిందే. తర్వాత శిథిలమైతే నగరపాలక సంస్థ, ఇంటాక్ (వారసత్వ సంపదను కాపాడే సంస్థ), బజాజ్ ఫౌండేషన్ కలిసి ఒప్పందం రాసుకుని బాగుచేశాయి. 2008లో మళ్లీ తెరిచారు.

సుభద్ర_కె

చాలా విలువుంది బాబూ. క్రానాక్ విషయంలో నేను గమనించింది: మూడొంతుల డబ్బు అప్పటికే సిద్ధంగా ఉంది. జనాన్ని చివరి వంతే అడిగారు. ఫండ్‌రైజింగ్‌లో పాత నియమం ఇది, సున్నా నుంచి ఎక్కమని అడిగితే ఎవరూ కదలరు, శిఖరం కనిపిస్తుంటే పరిగెడతారు. 1909లో ఆ పేరులేని మహిళ చేసింది దీనికి తలకిందులు. ఎక్కాల్సింది సగం పైనే మిగిలి ఉండగా ఇచ్చింది. అలాంటివాళ్లు అరుదు.

నిశాచరుడు

మాస్టారూ, సూటి ప్రశ్న. ఎవరైనా ఒక మ్యూజియం మిత్ర సంఘంలో చేరాలనుకుంటే, డబ్బు కట్టేముందు ఏం అడగాలి? నేను చేరుతున్నానని కాదు.

లెక్కలమాస్టారు

మీరు చేరుతున్నారని నాకు తెలుసు :)

సంఘం విడిగా రిజిస్టరైందా, లేక మ్యూజియం ఆఫీసులో ఒక బల్లా? బల్లే అయితే మీరు సభ్యులు కారు, కస్టమర్లు. విడి సంఘమైతే నియమావళి, ఆడిట్ చేసిన లెక్కలు చూపించమనండి. కొన్న వస్తువులు ఎవరి పేరున రాస్తున్నారు, మ్యూజియం మూతపడితే అవి ఎక్కడికి వెళ్తాయి అన్నది ఆ నియమావళిలో ఉండాలి. లేకపోతే ముందు అది రాయించండి. మూలధనం విడి ఖాతాలో ఉందా, దాని రాబడే ఖర్చు చేస్తున్నారా, కష్టకాలంలో మూలధనం కరిగించే అధికారం ఎవరికుంది, ఇవి అడగండి. అడిగితే విసుక్కునే కోశాధికారి ఉన్నచోట కట్టకండి.

ఇక మీరు షరతుతో ఏమైనా ఇచ్చేట్టయితే వేదవల్లి గారు చెప్పిన లిల్లీ బ్లిస్‌ను గుర్తుంచుకోండి. బ్యాంకరు రాబర్ట్ లీమన్ మెట్‌కు తన సేకరణ ఇస్తే, దానికోసం విడిగా ఒక భాగం కట్టి, ఆయన ఇంటి గదుల్లాగే అమర్చి 1975లో తెరిచారు. అందంగానే ఉంటుంది. కానీ అక్కడి బొమ్మను తీసి పక్క విభాగంలో అదే కాలం బొమ్మ పక్కన పెడదామంటే కుదరదు. చనిపోయినవాళ్ల షరతుకు గడువు పెట్టమని నేను చూసిన ప్రతి ట్రస్టుకూ చెప్పేవాణ్ని. విన్నవాళ్లు తక్కువ.

నిశాచరుడు

నియమావళి కాపీ అడిగాను. వచ్చే వారం ఇస్తామన్నారు. రాగానే వ్యక్తుల పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను, మీరు ఎర్ర పెన్ను తీయండి.

లెక్కలమాస్టారు

పెట్టండి. చివరి పేజీ ముందు స్కాన్ చేయండి, సంఘం రద్దయితే ఆస్తి ఎవరికి అన్న నిబంధన సాధారణంగా అక్కడే ఉంటుంది.